మానసిక సామర్థ్యం, నివాసం, సంరక్షణ: న్యాయస్థానాల తీర్పులపై విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
- మానసిక సామర్థ్యం అనే భావనను భారతీయ చట్టాల నేపథ్యంలో వివరించగలుగుతారు.
- నివాసం, సంరక్షణలకు సంబంధించిన ముఖ్యమైన తీర్పులను విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.
- సంరక్షకుడిని నియమించడానికీ, నిర్ణయం తీసుకోవడంలో సహాయపడడానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

వృద్ధుల గురించి, మేధో వైకల్యం లేదా మానసిక అనారోగ్యం ఉన్నవారి గురించి కోర్టుకు వచ్చే వివాదాలు పైకి రకరకాలుగా కనిపిస్తాయి. ఒకటి ఆస్తి తగాదా, ఒకటి బ్యాంకు ఖాతా సమస్య, మరొకటి ఆసుపత్రిలో నిర్బంధం. వీటన్నింటి అడుగున ఉన్న ప్రశ్న ఒకటే. ఈ మనిషి ఎక్కడ ఉండాలో, ఎవరి సంరక్షణలో ఉండాలో ఎవరు నిర్ణయించాలి?

హైదరాబాద్ పశ్చిమ ప్రాంతంలో ఈ ప్రశ్న మరింత తీవ్రంగా ఎదురవుతుంది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఒకప్పుడు పొలాలు, రాళ్లగుట్టలు ఉన్న మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలు ఆ తరువాత ఐటీ నగరంగా మారాయి. భూమి విలువ పెరిగింది. చాలా ఇళ్లలో పిల్లలు ఉద్యోగాల కోసం విదేశాలకు వెళ్లారు, తల్లిదండ్రులు ఇక్కడే ఉండిపోయారు. ఇలాంటి ఇంట్లో తల్లికి డిమెన్షియా, అంటే మతిమరుపు వ్యాధి వస్తే ఆమె ఆరోగ్యం, ఆమె ఇల్లు, ఆమె ఇష్టం మూడూ ఒకేసారి వివాదంలో పడతాయి.

వ్యక్తి ఇష్టానికి విలువ ఉందని మన న్యాయస్థానాలు గట్టిగానే చెప్పాయి. అయితే నివాసం, సంరక్షణ దగ్గరకు వచ్చేసరికి అవి "సంరక్షకుడు ఎవరు?" అనే ప్రశ్నకు త్వరగా వెళ్లిపోతున్నాయి. "ఈ వ్యక్తి ఏమంటున్నారు?" అనే ప్రశ్న వెనకబడుతోంది. ఈ పాఠ్యభాగంలోని ప్రధాన వాదన ఇదే.

తీర్పులను పరిశీలించడానికి నాలుగు కొలమానాలు పెట్టుకుందాం.
(అ) సంబంధిత వ్యక్తి మాటను కోర్టు నేరుగా విన్నదా?
(ఆ) సామర్థ్యాన్ని ఏ నిర్ణయం విషయంలో పరీక్షించింది?
(ఇ) నివాసాన్ని ఆస్తి నుంచి వేరు చేసి చూసిందా?
(ఈ) ఇచ్చిన అధికారానికి గడువు, సమీక్ష ఉన్నాయా?

2. చట్టాల నేపథ్యం

2.1 పాత చట్టాల దృష్టి

1912 నాటి భారత ఉన్మాద చట్టం, దాని స్థానంలో వచ్చిన 1987 మానసిక ఆరోగ్య చట్టం మనిషిని మొత్తంగా ఒక వర్గంలో వేసేవి. ఒక వ్యక్తికి మానసిక అనారోగ్యం ఉందనీ, తన వ్యవహారాలు చూసుకోలేడనీ న్యాయవిచారణలో తేలితే అతని శరీర సంరక్షణకు ఒకరిని, ఆస్తికి ఒకరిని నియమించే వీలు 1987 చట్టంలో ఉండేది.

వీటన్నింటికన్నా పాతదైన 1872 కాంట్రాక్టు చట్టం ఈ విషయంలో మరింత సూక్ష్మంగా ఆలోచించింది. ఆ చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం సాధారణంగా మతిస్థిమితం లేని వ్యక్తి కూడా, స్థిమితంగా ఉన్న సమయంలో ఒప్పందం చేసుకోవచ్చు. అంటే సామర్థ్యాన్ని మనిషికి శాశ్వతంగా అంటించిన ముద్రగా ఆ చట్టం చూడలేదు. ఆ సమయంలో, ఆ ఒప్పందాన్ని అర్థం చేసుకుని తన మేలు కీడు తూచుకోగలడా అని మాత్రమే అడిగింది. ఆధునిక చట్టాలు చెప్పే సూత్రానికి బీజం ఇక్కడ కనిపిస్తుంది.

2.2 కొత్త చట్టాల దృష్టి

వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం 2006లో వచ్చింది. భారతదేశం దానిని 2007లో ఆమోదించింది. దాని 12వ అధికరణం వికలాంగులకు ఇతరులతో సమానంగా చట్టపరమైన సామర్థ్యం ఉంటుందని చెబుతుంది. 19వ అధికరణం ఎక్కడ, ఎవరితో నివసించాలో ఎంచుకునే హక్కును గుర్తిస్తుంది. హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయ ఆచార్యులు అమితా ధండా ఈ ఒప్పందపు చర్చల కాలంలో చట్టపరమైన సామర్థ్యం కోసం గట్టిగా వాదించినవారిలో ఒకరు. ఈ రంగంలో మన నగరం నుంచి వెళ్లిన ఆలోచన ప్రపంచ స్థాయి చర్చలో భాగమైందని మీరు గమనించవచ్చు.

ఈ ఒప్పందానికి అనుగుణంగా రెండు చట్టాలు వచ్చాయి. మొదటిది 2016 వికలాంగుల హక్కుల చట్టం. దాని 14వ సెక్షన్ "పరిమిత సంరక్షకత్వం" అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఇందులో సంరక్షకుడు ఆ వ్యక్తిని సంప్రదించి, ఆ వ్యక్తి ఇష్టానికి అనుగుణంగా, నిర్దిష్టమైన నిర్ణయానికి, నిర్దిష్టమైన కాలానికి మాత్రమే పనిచేయాలి. తగిన సహాయం ఇచ్చిన తరువాత కూడా ఆ వ్యక్తి నిర్ణయం తీసుకోలేనప్పుడే ఈ నియామకం జరగాలి.

రెండవది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. చికిత్స విషయంలో ప్రతి వ్యక్తికీ సామర్థ్యం ఉన్నట్లే భావించాలన్న దృష్టితో దాని 4వ సెక్షన్‌ను రూపొందించారు. సమాచారాన్ని అర్థం చేసుకోవడం, పర్యవసానాన్ని గ్రహించడం, నిర్ణయాన్ని తెలియజేయడం అనే వాటిని అది ప్రమాణాలుగా పెట్టింది. ఒకరి నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన ఆ వ్యక్తికి సామర్థ్యం లేదని అనకూడదని కూడా అదే సెక్షన్ చెబుతుంది. 19వ సెక్షన్ మరో మెట్టు ఎక్కింది. కుటుంబం లేదనో, కుటుంబం తీసుకువెళ్లడం లేదనో ఎవరినీ మానసిక వైద్యశాలలో ఉంచేయకూడదు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం వంటి సంస్థలకు ఇది నేరుగా వర్తించే నియమం.

అయితే 1987 చట్టంలో ఉన్న సంరక్షకుల నియామకపు అధ్యాయం 2017 చట్టంలో లేదు. ఈ ఖాళీ ప్రాధాన్యం 5వ విభాగంలో స్పష్టమవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1: కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్, 2017 చట్టం 4వ సెక్షన్‌లలో సామర్థ్యం గురించి ఉన్న పోలిక ఏమిటి?

3. సుచితా శ్రీవాస్తవ కేసు (2009)

చండీగఢ్‌లోని ఒక ప్రభుత్వ ఆశ్రయ సంస్థలో ఉంటున్న అనాథ యువతిపై ఆ సంస్థలోనే అత్యాచారం జరిగింది. ఆమెకు స్వల్ప స్థాయి మేధో వైకల్యం ఉంది. ఆమె గర్భవతి అయిందని 2009లో తెలిసింది. గర్భస్రావం చేయించాలని పంజాబ్, హర్యానా హైకోర్టు ఆదేశించింది. అయితే ఆమె బిడ్డను కనాలని కోరుకుంటోందని హైకోర్టు నియమించిన నిపుణుల బృందమే నివేదించింది. సుప్రీంకోర్టు జులైలో ఆ ఆదేశాన్ని నిలిపివేసి, ఆగస్టు 28న కారణాలను వివరించింది. ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ ధర్మాసనానికి అధ్యక్షత వహించారు.

గర్భస్రావ చట్టంలో "మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తి" అనే నిర్వచనం నుంచి మేధో వైకల్యాన్ని మినహాయించారు. కనుక ఆమె తరఫున మరొకరి అంగీకారం చెల్లదనీ, ఆమె అంగీకారమే కావాలనీ కోర్టు తేల్చింది. సంతానం విషయంలో నిర్ణయం 21వ అధికరణం కింద వ్యక్తి స్వేచ్ఛలో భాగమని చెప్పింది. శ్రేయస్సు సూత్రాన్ని అన్వయించేటప్పుడు కోర్టు ఆమె మేలునే చూడాలి. సంరక్షకుల సౌకర్యాన్నో సమాజపు అభ్యంతరాన్నో చూడకూడదు. ఈ వివరణ తీర్పులోని గొప్ప అంశం.

మొదటి కొలమానంలో ఈ తీర్పు నెగ్గింది, ఎందుకంటే ఆమె మాటే తీర్పుకు ఆధారమైంది. రెండవ దానిలోనూ నెగ్గింది. ఆమె అన్ని విషయాల్లోనూ సమర్థురాలా కాదా అన్న చర్చలో పడకుండా, ఈ ఒక్క నిర్ణయం గురించే కోర్టు అడిగింది.

లోపాలు రెండు ఉన్నాయి. మొదటిది, తీర్పు "స్వల్ప" అనే మాటపై ఎక్కువగా ఆధారపడింది. వైకల్యం తీవ్రంగా ఉన్నవారి ఇష్టానికి ఎంత విలువ ఇవ్వాలన్న ప్రశ్నకు దీని నుంచి సమాధానం దొరకదు. రెండవది నివాసానికి సంబంధించినది. అత్యాచారం జరిగింది ప్రభుత్వ ఆశ్రయంలోనే. బిడ్డను కనాలా వద్దా అన్నది ఆమె ఇష్టమైంది కానీ, ఆ బిడ్డతో ఎక్కడ ఉండాలన్నది సంస్థలు ఏర్పాటు చేసే విషయంగానే మిగిలింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ ఆమెకు, బిడ్డకు తోడ్పడతామని ముందుకు రావడం మంచిదే. అయినా "నువ్వు ఎక్కడ ఉండాలనుకుంటున్నావు?" అన్న ప్రశ్నకు తీర్పులో కేంద్ర స్థానం దక్కలేదు.

4. స్వేచ్ఛ, నిర్బంధం: రెండు సందర్భాలు

4.1 హాదియా కేసు (2018)

హాదియా కేసుగా పేరొందిన షఫీన్ జహాన్ కేసులో 24 ఏళ్ల యువతి వివాహాన్ని కేరళ హైకోర్టు 2017లో రద్దు చేసి, ఆమెను తల్లిదండ్రుల సంరక్షణకు అప్పగించింది. ఇందుకు "పేరెన్స్ పేట్రియే" సూత్రాన్ని ఉపయోగించింది. తనను తాను కాపాడుకోలేని వ్యక్తికి రాజ్యమే తల్లీ తండ్రీ అవుతుందన్నది ఈ సూత్రం. సుప్రీంకోర్టు ఆమెను స్వయంగా పిలిచి విన్నది. 2018లో హైకోర్టు తీర్పును కొట్టివేసింది. మేజరైన వ్యక్తి ఎవరితో, ఎక్కడ ఉండాలో ఎంచుకునే హక్కు ఆ వ్యక్తిదేనని చెప్పింది.

ఈ తీర్పు సరైనదే. కానీ విద్యార్థులు దీనిని మరోవైపు నుంచి కూడా చదవాలి. మైనర్ల విషయంలోనూ, మానసిక సామర్థ్యం లేనివారి విషయంలోనూ మాత్రమే, అదీ అసాధారణ సందర్భాల్లోనే, ఈ సూత్రాన్ని వాడాలని కోర్టు పరిమితి పెట్టింది. ఆ పరిమితి హాదియాను కాపాడింది. అదే పరిమితి మానసిక అనారోగ్యం ఉన్నవారిని మైనర్ల పక్కన నిలబెట్టింది. "ఆమెకు మతి సరిగానే ఉంది కనుక ఆమె ఇష్టం" అన్న వాక్యానికి రెండో సగం కూడా ఉంటుంది. మతి సరిగా లేదని ముద్ర పడితే ఇష్టం లేనట్టేనా? తీర్పు ఆ దిశగా చర్చించలేదు. 2016 చట్టం అప్పటికే అమల్లో ఉన్నందున చర్చించి ఉంటే బాగుండేది.

4.2 విశాఖపట్నం కేసు (2020)

నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రికి చెందిన ఒక మత్తు వైద్యుడు 2020లో మాస్కుల కొరత గురించి బహిరంగంగా మాట్లాడి సస్పెండ్ అయ్యారు. మే 16న విశాఖపట్నంలో పోలీసులు ఆయన చేతులు కట్టి తీసుకువెళ్లిన దృశ్యాలు రాష్ట్రమంతా చూశారు. తరువాత ఆయనను ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తరలించారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు స్వయంగా జోక్యం చేసుకుంది. న్యాయాధికారి ఆసుపత్రికి వెళ్లి ఆయన వాంగ్మూలం నమోదు చేయాలని ఆదేశించింది, ఆ తరువాత దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. ఆయన తల్లి వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్‌పై, ఆయన డిశ్చార్జి కావచ్చని జూన్‌లో స్పష్టం చేసింది.

మన మొదటి కొలమానానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆయన మానసిక స్థితి గురించి అధికారులు చెప్పిన దానితో సరిపెట్టుకోకుండా, న్యాయవ్యవస్థ ఆయన మంచం దగ్గరకే వెళ్లింది. అయితే ఇది జరగడానికి ఒక తల్లి కోర్టుకు రావలసి వచ్చింది, రాష్ట్రమంతా ఆ దృశ్యాలు చూడవలసి వచ్చింది. ఎవరూ చిత్రీకరించని, ఎవరూ పిటిషన్ వేయని మనిషి పరిస్థితి ఏమిటి? ఇందుకోసమే 2017 చట్టం సమీక్షా బోర్డులను ఏర్పాటు చేయమంది. తన ఇష్టం లేకుండా ఆసుపత్రిలో చేర్చిన వ్యక్తి ఆ బోర్డును ఆశ్రయించవచ్చు. కోర్టు చేసిన పనిని ప్రతి రోగి విషయంలోనూ బోర్డు చేయగలిగినప్పుడే ఆ తీర్పు ఫలితం అందరికీ అందుతుంది.

5. సంరక్షకుల ఖాళీ: కేరళ హైకోర్టు తీర్పు (2019)

కోమాలో ఉన్న వ్యక్తి ఖాతా నుంచి చికిత్సకు డబ్బు తీయాలంటే ఎవరు సంతకం చేయాలి? శోభా గోపాలకృష్ణన్ కేసులో కేరళ హైకోర్టుకు ఎదురైన సమస్య ఇది. కోమాలో ఉన్నవారికి సంరక్షకుడిని నియమించే చట్టం ఏదీ లేదని గుర్తించిన కోర్టు, రాజ్యాంగం 226వ అధికరణం కింద తనకున్న అధికారాన్ని ఉపయోగించింది. మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. న్యూరాలజిస్టు ఉన్న వైద్య బృందం పరీక్షించాలి. తహసీల్దారు స్థాయికి తగ్గని రెవెన్యూ అధికారి ఆ వ్యక్తి ఉన్న చోటికి వెళ్లి చూడాలి. సంరక్షకుడు ఆరు నెలలకొకసారి లెక్కలు సమర్పించాలి.

కోమా విషయంలో ఇది మానవీయమైన పరిష్కారమే. నాలుగో కొలమానమైన సమీక్షకు ఇందులో చోటుంది. సమస్య తరువాత మొదలైంది. కోమా కోసం రూపొందిన ఈ పద్ధతిని డిమెన్షియా ఉన్నవారికి కూడా వర్తింపజేసిన సందర్భాలు వేర్వేరు హైకోర్టుల్లో వచ్చాయి. కోమాలో ఉన్న వ్యక్తి ఏమీ చెప్పలేరు. డిమెన్షియా ఉన్న వ్యక్తి చాలా చెప్పగలరు. నిన్న ఏం తిన్నదీ గుర్తులేకపోయినా, ఎవరితో ఉంటే తనకు నెమ్మదిగా ఉంటుందో చెప్పగలరు. మౌనంగా ఉన్నవారి కోసం తయారైన పద్ధతిని మాట్లాడేవారికి వాడితే వారిని మాట్లాడనివ్వనట్టే అవుతుంది. పైగా ఇది ప్రధానంగా ఆస్తి, ఖాతాల కోసం పుట్టిన పద్ధతి. ఇందులో నివాసం ఆస్తి వెనకాలే వెళ్తుంది. ఎవరికి సంతకం అధికారం వస్తే వారే ఎక్కడ ఉంచాలో కూడా నిర్ణయిస్తారు. మూడవ కొలమానంలో ఈ పద్ధతి నిలవదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2: కోమాకు, డిమెన్షియాకు ఒకే పద్ధతి వాడడంపై ఈ పాఠం చేసిన అభ్యంతరం ఏమిటి?

6. సైబరాబాద్ నేపథ్యంలో ఒక ఊహాజనిత సమస్య

పై చర్చను ఒక సమస్యకు అన్వయిద్దాం. కొండాపూర్‌లో సొంత ఫ్లాట్‌లో ఉంటున్న 76 ఏళ్ల తల్లికి డిమెన్షియా ఉందని వైద్యులు చెప్పారు. కొడుకు అమెరికాలో, కూతురు గచ్చిబౌలిలో ఉన్నారు. అమ్మను వృద్ధాశ్రమంలో చేర్చి ఫ్లాట్ అమ్మాలని కొడుకు అంటాడు. తన దగ్గరే ఉంచుకుంటానని కూతురు అంటుంది. "నా ఇల్లు వదిలి రాను" అని అమ్మ అంటుంది. ఈలోగా ఆమెను గేటు దాటనివ్వవద్దని వాచ్‌మన్‌కు చెప్పి ఉంచారు.

కొడుకు దగ్గర అయిదేళ్ల కిందటి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఉంది. అది సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం అధికారం ఇచ్చిన వ్యక్తికి మతిస్థిమితం పోతే ఆ ఏజెన్సీ ముగుస్తుంది. అంటే ఆ పత్రం సరిగ్గా అవసరమైన సమయానికే పనికిరాకుండా పోతుంది. నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకే పరిమితం కనుక ఇక్కడ వర్తించదు. 2017 చట్టం కింద ముందస్తు ఆదేశం రాసి ఉంటే మానసిక చికిత్సకు పనికివస్తుంది కానీ, ఇంటి అమ్మకానికి పనికిరాదు.

2007 తల్లిదండ్రుల, సీనియర్ సిటిజన్ల పోషణ చట్టం కింద ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. ఆమె స్వయంగా రాలేకపోతే ఆమె అధికారం ఇచ్చిన వ్యక్తి గానీ సంస్థ గానీ దరఖాస్తు చేయవచ్చు. సామర్థ్యమే ప్రశ్నార్థకమైన వ్యక్తి ఆ అధికారాన్ని ఎలా ఇస్తుందన్నది ఈ నిబంధనలోని చిక్కు. ట్రిబ్యునల్ తనంతట తానే విచారణ చేపట్టే వీలు ఉండడం ఒక్కటే ఊరట.

మిగిలిన దారి 2016 చట్టం 14వ సెక్షన్. జిల్లా కోర్టు గానీ, ప్రభుత్వం నోటిఫై చేసిన అధికారి గానీ దీని కింద పరిమిత సంరక్షకుడిని నియమించవచ్చు. అప్పుడు అడగవలసిన ప్రశ్నలు వేరు. ఇంట్లోనే ఉండాలన్న ఆమె కోరిక నెరవేరాలంటే ఏ సహాయం కావాలి? పగలూ రాత్రీ ఒక ఆయా ఉంటే, గ్యాస్ పొయ్యికి బదులు ఇండక్షన్ పెడితే, బ్యాంకు లావాదేవీలకు మాత్రం కూతురు తోడుగా ఉంటే సరిపోతుందా? సరిపోతే ఫ్లాట్ అమ్మే అధికారం ఎవరికీ ఇవ్వనక్కరలేదు. ఒక్కో నిర్ణయాన్ని విడిగా చూడడమంటే ఇదే.

ఎదుటి వాదన కూడా బలమైనదే. ఆమె రాత్రిపూట రోడ్డు మీదకు వెళ్లవచ్చు, ఫోనులో ఎవరో అడిగితే ఓటీపీ చెప్పేయవచ్చు. "అమ్మే వద్దంది" అన్న మాట నిర్లక్ష్యానికి సాకుగా మారే ప్రమాదమూ ఉంది. సీనియర్ సిటిజన్లను దిక్కులేకుండా వదిలివేయడం 2007 చట్టం 24వ సెక్షన్ కింద నేరమని మరచిపోకూడదు. ఇష్టాన్ని గౌరవించడం అంటే ఒంటరిగా వదిలేయడం కాదు. ఆ ఇష్టం సురక్షితంగా నెరవేరేలా చూడడం.

7. ఇంగ్లండ్‌తో పోలిక

ఇంగ్లండ్‌లో 2005 మానసిక సామర్థ్య చట్టం కింద ఏర్పడిన ప్రత్యేక న్యాయస్థానం ఒక వ్యక్తి ఎక్కడ నివసించాలన్న ప్రశ్నను విడిగా విచారిస్తుంది. సామర్థ్యం కోల్పోయిన తరువాత కూడా కొనసాగే పవర్ ఆఫ్ అటార్నీకి అక్కడ చట్టం ఉంది. 2014లో చెషైర్ వెస్ట్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, నిరంతర పర్యవేక్షణలో ఉండి, వెళ్లిపోయే స్వేచ్ఛ లేని వ్యక్తి ఎంత సౌకర్యంగా ఉన్నా స్వేచ్ఛ కోల్పోయినట్టేనని చెప్పింది. బంగారు పంజరమైనా పంజరమేనన్నది న్యాయమూర్తి లేడీ హేల్ భావం. మన ఊహాజనిత సమస్యలో వాచ్‌మన్‌కు ఇచ్చిన ఆదేశాన్ని ఈ దృష్టితో చూడండి. అది ప్రేమతో ఇచ్చిన ఆదేశమే కావచ్చు. అయినా దానిని ఎవరో ఒకరు సమీక్షించాలి.

ఆ విధానాన్ని యథాతథంగా తెచ్చుకోవడం సాధ్యం కాదు. అక్కడ కూడా అనుమతుల దరఖాస్తులు పేరుకుపోయాయి. మనం తీసుకోదగినది వారి వ్యవస్థ కాదు, వారు వేసే ప్రశ్న.

8. సారాంశం

సుచితా శ్రీవాస్తవ తీర్పు వ్యక్తి అంగీకారాన్ని కేంద్రంలో నిలిపింది కానీ నివాసం దగ్గర ఆగింది. హాదియా తీర్పు నివాస స్వేచ్ఛను నిలిపింది కానీ, సామర్థ్యం లేదని ముద్ర పడినవారిని బయట ఉంచింది. విశాఖపట్నం కేసులో కోర్టు మనిషి దగ్గరకు వెళ్లి విన్నది. కేరళ తీర్పు కోమాకు సరిపోయే దారి వేసింది, ఆ దారి డిమెన్షియాకు సరిపోదు. 2016 చట్టం 14వ సెక్షన్‌లో తగిన మార్గం ఇప్పటికే ఉంది. సంరక్షకుడి పేరు రాసే ముందు న్యాయమూర్తి గానీ, న్యాయమూర్తి పంపిన అధికారి గానీ ఆ ఇంటికి వెళ్లి, తీరిక చేసుకుని, ఆమెకు అర్థమయ్యే భాషలో "అమ్మా, మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?" అని అడగాలి. ఆమె చెప్పిన సమాధానం తీర్పులో నమోదు కావాలి. దానిని అంగీకరించకపోతే కారణం కూడా రాయాలి.

9. ముఖ్యపదాలు

పరిమిత సంరక్షకత్వం: నిర్దిష్ట నిర్ణయానికి, నిర్దిష్ట కాలానికి, వ్యక్తి ఇష్టానికి అనుగుణంగా ఇచ్చే అధికారం.
పేరెన్స్ పేట్రియే: తనను తాను కాపాడుకోలేని వ్యక్తికి రాజ్యమే తల్లిదండ్రుల స్థానంలో నిలుస్తుందనే సూత్రం.
ముందస్తు ఆదేశం: మానసిక అనారోగ్యం వస్తే తనకు ఎలాంటి చికిత్స కావాలో, వద్దో ముందే రాసి ఉంచే పత్రం.

10. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. సుచితా శ్రీవాస్తవ తీర్పును నాలుగు కొలమానాల ఆధారంగా విమర్శించండి.
2. డిమెన్షియా ఉన్నవారి నివాసం విషయంలో ప్రస్తుత చట్టాల పరిమితులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. హాదియా తీర్పులోని పరిమితి ఏమిటి?
2. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ విషయంలో కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రభావాన్ని వివరించండి.
3. మీకు తెలిసిన ఒక కుటుంబంలో పెద్దవారి నివాసం గురించి ఎవరు, ఎలా నిర్ణయించారో పేర్లు రాయకుండా పరిశీలించండి.